పోలిక కోసం తెచ్చిన మట్టి

నా పరిశోధన మొత్తంలో అతి ముఖ్యమైన పని ఏమిటని ఎవరైనా అడిగితే, మా అక్క పెరట్లోంచి ఒక డబ్బాడు మట్టి తవ్వడం అని చెప్పాలి. తవ్వడానికి వంటింట్లోని గరిట వాడాను. తర్వాత దాన్ని కడిగి మళ్ళీ చారు గిన్నె పక్కనే పెట్టేశాను. ఈ చివరి వాక్యం నా సిద్ధాంత గ్రంథంలో లేదు.

నేను నెల్లూరులో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నాను. మా ఊరివాళ్ళ దృష్టిలో అది ఎంతకీ పాసవని చదువు. ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. సూళ్లూరుపేటలో రైలు దిగి ఆటో ఎక్కితే, ఇంక ముందుకు రోడ్డు లేదు దిగండి అని ఆటోవాడు అనే చోటే మా ఊరు. చలికాలంలో పక్షుల్ని చూడటానికి పొడుగాటి కెమెరాలతో జనం వస్తారు. మా బురదలో దొరికేవి తిని కొంగలు గులాబీ రంగుకు తిరుగుతాయని మురిసిపోతారు. అదే బురదలో పెరిగిన మేము ఏ రంగుకూ తిరగలేదు కాబట్టి మావైపు ఎవరూ కెమెరా తిప్పరు. ఏ రంగుకూ తిరగలేదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

నా విషయం సీసం. అది మనిషికి విషం, చేపకి విషం, బ్యాక్టీరియాకీ విషమే. కాని కొన్ని బ్యాక్టీరియాలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. సీసం కలిపిన గాజుపళ్ళెంలో వేస్తే, చుట్టుపక్కలవన్నీ చచ్చిపోతుంటే ఇవి మాత్రం పెళ్ళికొచ్చిన బంధువుల్లాగా పెరుగుతాయి. కిటుకంతా వాటి ఒంటి చుట్టూ ఉండే జిగురులో ఉంది. తిన్న చక్కెరలో కొంత అవి కడుపులో దాచుకోవు. పొడవాటి గొలుసులుగా అల్లి ఒంటి బయటకు వదిలి, ఆ ముద్ద మధ్యలో ముడుచుకుని కూర్చుంటాయి. ఆ గొలుసుల పొడవునా సీసాన్ని పట్టుకునే కొక్కేల్లాంటివి ఉంటాయి. నీళ్ళలో తిరిగే సీసం వాటికి చిక్కుకుని గడప దగ్గరే ఆగిపోతుంది. లోపల బ్యాక్టీరియా నిశ్చింతగా పిల్లల్ని కంటూ ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని ఎక్సోపాలీశాకరైడ్ అంటారు. ఆ మాట మా బావకి చెబితే కాసేపు ఆలోచించి, "జిగురు అనడానికి సిగ్గా మీకు?" అన్నాడు. అప్పట్నుంచి నేనూ జిగురనే అంటున్నాను.

బావ అంటే అక్క భర్త. మా అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు, అక్కకి అప్పుడే పెళ్ళయింది. సారె సామానుతో పాటు నన్నూ పడవెక్కించి పంపారు. ఆ ఇంట్లో అక్క కొత్త కోడలు, నేను కొత్త బరువు. బావ నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఆయన ఎవర్నీ ఏమీ అనడు. ఒక రోజంతా ఆయన మాట్లాడే మాటలు బస్సు టికెట్టు వెనక రాసేయొచ్చు. ఆ లోటు తీర్చడానికి అక్క అత్తగారు ఉన్నారు. నేనూ ఆమెను అత్తా అనే పిలుస్తాను.

అక్కకి పెళ్ళయి పదహారేళ్ళు. రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది. మొదటిది నాలుగో నెలలో, రెండోది ఆరో నెలలో. ఆ తర్వాత అత్త కోడలికి తెలియకుండా మొక్కులు మొక్కింది, తెలిసేలా దెప్పింది. నేను గరిటతో మట్టి తవ్వేనాటికి అక్కకి మూడోసారి మూడో నెల దాటుతోంది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనేవాళ్ళు కాదు. అంటే వినబడుతుందేమో, వినబడితే వెళ్ళిపోతుందేమో అన్నట్టు అందరూ మెల్లగా నడిచేవాళ్ళు. కోళ్ళు మాత్రం ఎప్పట్లానే అరిచేవి.

సరస్సు చుట్టూ అయిదు చోట్ల బురద తీశాను. నా ఆశంతా పెద్ద కాలవ మీద. ఊళ్ళ మురుగు, బండ్లు కడిగిన నీళ్ళు, రోడ్డు మీద కారిన నూనె అన్నీ మోసుకొచ్చి సరస్సులో కలిపే కాలవ అది. అది కలిసే చోట బురద నల్లగా, గుడ్డు కుళ్ళిన వాసనతో, పరిశోధకుడు కోరుకునే సకల లక్షణాలతో ఉంది. సీసం ఉంటే అక్కడే ఉండాలి, సీసానికి అలవాటుపడ్డ బ్యాక్టీరియా ఉంటే అక్కడే ఉండాలి అనుకున్నాను. అయితే చెడ్డది చెడ్డదని తేల్చడానికి పక్కన ఒక మంచిది ఉండాలి. పోలిక కోసం. ఏ మురుగూ చేరని, ఏ బండీ రాని చోటినుంచి దాన్ని తేవాలి. నాకు తెలిసిన అతి శుభ్రమైన చోటు అక్క పెరడు. అక్కడ ఒక మునగచెట్టు ఉంది, రెండు కోళ్ళున్నాయి, నా చిన్నతనం మొత్తం ఉంది.

ఫలితాలు వచ్చినరోజు మా మేడమ్ నన్ను పిలిచి, డబ్బా మీద కాగితం అంటించడం కూడా ఒకరు నేర్పించాలా అని అడిగింది. మేడమ్ అంటే నా పరిశోధనకి దారి చూపించే ఆవిడ. కాలవ అని రాసిన డబ్బాలో సీసం ఓ మోస్తరుగా ఉంది. పోలిక అని రాసిన డబ్బాలో దానికి ఎన్నో రెట్లు ఉంది. పేర్లు తారుమారు చేశావు అంది. నేను వెంటనే ఒప్పేసుకున్నాను. పరీక్షలో నా నంబరు నేనే తప్పు రాసి, ఎదురుగా కూర్చుని మరీ గైర్హాజరైనవాణ్ణి, నా మీద నాకు ఆ మాత్రం నమ్మకం ఉంది.

పళ్ళేల్లోనూ అదే వరస. పోలిక మట్టిలోంచి వచ్చిన బ్యాక్టీరియా సీసం పళ్ళెం నిండా తెల్లగా, తడిగా, నిగనిగలాడుతూ పొంగింది. తీగ కొస తాకించి పైకి లాగితే బెండకాయ జిగురులా సాగింది. మేడమ్ కోపం మర్చిపోయి కళ్ళజోడు పైకి నెట్టుకుంది. ఇంత జిగురు చేసేదాన్ని తనెప్పుడూ చూడలేదంది. ఎక్కడిదైతేనేం నీ పంట పండింది, వెళ్ళి మళ్ళీ పట్టుకురా, ఈసారి పేర్లు సరిగ్గా రాయి అంది.

ఆదివారం పొద్దున రైలెక్కాను. ఇంటికి వెళ్ళేసరికి అక్క పెరట్లో పనిలో ఉంది. ఆ పని గురించి చెప్పాలి.

వల నీళ్ళలో నిలబడాలంటే పైతాడు తేలాలి, అడుగుతాడు మునగాలి. మునగడానికి అడుగుతాడు పొడవునా సీసం గుళ్ళు కడతారు. వేరేచోట్ల గుళ్ళు కొంటారు. మా వీధిలో కొనరు, పోసుకుంటారు. పాత బ్యాటరీల్లోంచి తీసిన సీసం పలకలు పాతసామాను దుకాణంలో దొరుకుతాయి. వాటిని పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద ఇనప మూకుట్లో కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక సన్నటి బిళ్ళలుగా నరుకుతారు. ఒక్కో బిళ్ళనీ తాడు చుట్టూ మడిచి పళ్ళతో కొరికి బిగిస్తారు. పటకారు వాడొచ్చు. కాని పటకారు తాడుని కోసేస్తుందని, ఎంత నొక్కాలో పంటికే తెలుస్తుందని మా ఆడవాళ్ళ నమ్మకం. సీసం అసలుదో కల్తీదో కూడా పంటితోనే తేలుస్తారు. పన్ను మెత్తగా దిగితే అసలుది.

ఈ విద్యలో అక్క మా వీధికి మొనగత్తె. ఇరుగుపొరుగువాళ్ళు కూడా వలలు తెచ్చి ఆమె ముందు కుప్ప పోసేవాళ్ళు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకున్నట్టు ఒక బుగ్గలో అయిదారు బిళ్ళలు పెట్టుకుని, కబుర్లు చెబుతూనే ఒక్కోదాన్నీ నాలుకతో ముందుకు తోసుకుని కొరికేది. ఆమె చిగుళ్ళ అంచున సన్నటి నీలం గీత ఒకటి ఉండేది. కంటికి పెట్టాల్సిన కాటుక నోటికి పెట్టుకున్నావా అని ఏడిపించేవాణ్ణి. ఏడిపించడం ఒకవైపు, సెలవలకి వచ్చేటప్పుడల్లా సూళ్లూరుపేటలో ఆగి సీసం పలకలు నా కాలేజీ సంచిలో మోసుకొచ్చింది కూడా నేనే. సంచిలో అడుగున సూక్ష్మజీవశాస్త్రం, దాని మీద పలకలు, పలకల మీద అక్కకి ఇష్టమని మైసూరుపాకు.

మునగచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని మట్టి గీకాను. పైపొర కింద బూడిద. బూడిదలో అక్కడక్కడా ఆవగింజలంత సీసం చుక్కలు, ఎండకి మెరుస్తున్నాయి. పొయ్యి చల్లారాక బూడిద ఎత్తి, చెట్టుకి బలమని మొదట్లో పోయడం అత్త అలవాటు. మునగాకు పప్పు మా ఇంట్లో వారానికి మూడుసార్లు. పదహారేళ్ళు కళ్ళెదుట ఉన్నదాన్ని చూడటానికి నాకు నెల్లూరులో లక్షల ఖరీదు చేసే యంత్రం అవసరమైంది.

తలెత్తి చూశాను. అక్క గోడకానుకుని కాళ్ళు చాపుకుని, ఒళ్ళో వల వేసుకుని బిళ్ళ కొరుకుతోంది. పొట్ట ఇంకా తెలియడం లేదు. వల కింద ఒకరున్నారని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

"నోట్లో ఉండేది ఉమ్మెయ్ అక్కా" అన్నాను.

ఆమె బిళ్ళల బుగ్గతోనే నవ్వింది. "ఏందిరా?"

"ముందు ఉమ్మెయ్."

నేను అంతకుముందు ఆమెతో ఏ విషయమూ తిన్నగా మాట్లాడి ఎరగను. అందుకని నేను చెప్పేది సగం దూరం వచ్చేదాకా, ఇది ఎక్కడో ఒకచోట వేళాకోళంలోకి తిరుగుతుందని ఆమె ఎదురుచూస్తూనే ఉంది. తిరగలేదు. మన ఒంటికి ఆ జిగురు లేదని చెప్పాను. లోపలికొచ్చిన సీసాన్ని ఎముకలు సున్నమనుకుంటాయని, పనికొస్తుందని ఏళ్ళ తరబడి దాచిపెడతాయని చెప్పాను. బిడ్డ పడ్డాక బిడ్డ ఎముకలకు సున్నం కావాలి కాబట్టి తల్లి ఎముకలు తాము దాచింది కరిగించి పంపుతాయని, సున్నంతో పాటు ఇదీ వెళుతుందని, మధ్యలో దాన్ని ఆపే తలుపు లేదని చెప్పాను. తరగతిలో ఈ పాఠం నేను బాగా చెబుతానని పేరు.

అక్క బిళ్ళలు అరచేతిలోకి ఉమ్మి, కొంగుతో నోరు తుడుచుకుంది. చాలాసేపు అరచేతిలోకి చూసింది.

"అయితే ఆ రెండూ కూడా దీనివల్లనేనా?"

చెప్పలేమన్నాను. అయి ఉండొచ్చు, కాకపోయి ఉండొచ్చు, అప్పుడు ఎవరూ పరీక్ష చెయ్యలేదు కదా అన్నాను. మేము వ్యాసాల చివర రాసే వాక్యం అది. అక్కడ బాగానే ఉంటుంది.

"చెప్పలేనోడివి ఎందుకు చెప్పినావురా" అంది. కోపంగా కాదు. "ఇన్నాళ్ళూ అమ్మోరికి కోపమొచ్చిందనుకుంటా ఉన్నా. ఆమెతో అయితే ఏదోకటి మాట్లాడుకోవచ్చు."

 పాపం అమ్మవారి మీద ఉన్న నేరాన్ని తీసుకొచ్చి అక్క పళ్ళ మీద పెట్టాను. దాన్నే విజ్ఞానం అంటారు. డబ్బా నింపుకుని, ఈసారి పేరు సరిగ్గా రాసుకుని, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాను. రెండో పరీక్షలోనూ అదే వచ్చింది. పేర్లు మొదటిసారే సరిగ్గా రాశాను. నా జీవితంలో నేను కరెక్టుగా చేసిన పనుల్లో అదొకటి.

నెల్లూరులో డాక్టరమ్మ అక్క రక్తం తీసి చెన్నైకి పంపింది. కాగితం వచ్చాక దాన్ని ఒకసారి చూసి, పేరు సరిచూసుకుని, మళ్ళీ చూసింది. మేడమ్ లాగే ఈమె కూడా పేర్లు తారుమారయ్యాయని అంటుందేమోనని ఆశపడ్డాను. అనలేదు. రక్తంలోంచి సీసాన్ని లాగే మందు ఒకటుందట, కాని కడుపులో బిడ్డ ఉండగా ఇవ్వడానికి ఆమె జంకింది. సీసం దగ్గరికి పోవద్దు, పాలు తాగు, సున్నం మాత్రలు, ఇనుము మాత్రలు మానకుండా వేసుకో, నెలనెలా వచ్చి చూపించుకో అంది. బావ అంతేనా అన్నాడు. అంతే అంది. ఇద్దరూ తక్కువ మాటల మనుషులు.

మర్నాడు బావ వేటకి పోలేదు. అక్కని వీధి చివర చుట్టాలింట్లో ఉంచి, నోటికి తువ్వాలు కట్టుకుని, పెరడంతా మట్టి తడిపి జానెడు లోతు గీకాడు. మునగచెట్టు కొట్టేశాడు. ఎత్తిన మట్టిని సిమెంటు సంచుల్లో నింపి, మూతులు కుట్టి, ఒక్కొక్కటే భుజాన వేసుకుని పడవ దాకా మోశాడు. అంతా మోశాక నావైపు తిరిగాడు.

"యాడ పోయమంటావు?"

ఆలోచించాను. సరస్సులో పోయకూడదు. కాలవలో పోసినా సరస్సుకే వస్తుంది. ఊరి చెత్తలో పోస్తే మేకలు మేస్తాయి. పొలాల్లో పోస్తే మనమే మేస్తాం. చదువుకున్నవాణ్ణి కదా, ఏదో ఒకటి చెబుతానని ఆయన చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ సంచులు ఇప్పటికీ పడవలు పెట్టే పాక వెనక టార్పాలిన్ కింద ఉన్నాయి. మనుషుల మధ్య అంత నిశ్చింతగా బతుకుతున్నది అందులోని బ్యాక్టీరియా ఒక్కటేనని నా అంచనా.

వీధిలో అక్క కొరకడం మానేసిందన్న వార్త పాకింది. తమ్ముడు చదువుకునేసరికి ఈమెకి పళ్ళు సున్నితమైపోయాయి అన్నారు. ఎదురింటి పెద్దామె మా గుమ్మంలో నిలబడి, తాను అక్కకన్నా ఎక్కువ సీసం కొరికానని, అయిదుగుర్ని కన్నానని, అయిదుగురూ గుండ్రాళ్ళలా ఉన్నారని చెప్పి వెళ్ళింది. అన్నీ నిజాలే. శాస్త్రంలో నాకు నచ్చని భాగం అదే. ఒకరికి ఏమీ కాదు. ఎందుకు కాలేదో అడిగితే మళ్ళీ ఆ వ్యాసం చివరి వాక్యమే. వాళ్ళందరి రక్తం కూడా పరీక్ష చేయించమని నేను అడిగాను. నా ఎగతాళి మొహం చూసి ఎవరూ నమ్మలేదు. పాతికేళ్ళుగా పండించిన పంట అది.

ఆ నెలల్లో ప్రయోగశాలలో నా పని బ్రహ్మాండంగా సాగింది. బ్యాక్టీరియాని యంత్రంలో గిర్రున తిప్పి దాని ఒంటి జిగురు వేరు చేశాను. జిగురు ఊడిన బ్యాక్టీరియాని సీసం నీళ్ళలో వేస్తే చాలా మటుకు మర్నాటికి చచ్చిపోయింది. ఊడదీసిన జిగురుని వేరే సీసం నీళ్ళలో వేస్తే నీళ్ళలో సీసం తగ్గిపోయింది. మేడమ్ పక్క గదిలోవాళ్ళని కూడా పిలిచి చూపించింది. దీనికి మంచి పేరు ఒకటి పెట్టు అంది. పెట్టలేదు, అంకె వేసి ఊరుకున్నాను. పుట్టబోయేదానికి ముందుగా పేరు అనుకోవడం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు. ఆ భయం నాతో పాటు ప్రయోగశాలకి కూడా వచ్చినట్టుంది.

జిగురు సీసాన్ని లాగేసిందని బావకి ఫోనులో చెప్పాను. 

"ఆ జిగురు మీ అక్కకి తాగిస్తే?" అన్నాడు.

ఆయన అలాంటి మాట ఇంకెవరి ముందూ అనడు. నవ్వుతారని తెలుసు. నేను ఆ ప్రశ్న గురించి అంతకు రెండు వారాల ముందే ఆలోచించాను, పుస్తకాలు తిరగేశాను, ఒక రాత్రి నిద్ర మానుకున్నాను కాబట్టి నాకూ నవ్వు రాలేదు. ఎముకల్లో దాక్కున్నదాన్ని కడుపులో పోసిన జిగురు పిలిస్తే రాదు బావా అన్నాను. సరేలే అన్నాడు. ఫోను పెట్టేముందు, నువ్వు తిన్నావా అని అడిగాడు. అది ఆయన ఎప్పుడూ అడగడు.

ఆరో నెలలో ఇంటికి కొత్త వల వచ్చింది.

మా వీధిలో కొత్త వలకి మొదటి బిళ్ళ కడుపుతో ఉన్న ఆడమనిషి కొరకాలి. ఆమెలాగే వల కూడా నిండుగా ఇంటికొస్తుందని నమ్మకం. ఇంట్లో అలాంటివాళ్ళు లేకపోతే వీధిలో వెతికి పిలుచుకొస్తారు, చీర పెడతారు. అక్క తన వంతు వచ్చిన రెండుసార్లూ కొరికింది. ఆ రెండు వలలూ బాగానే పడ్డాయట.

సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను ఆ వారం. ఆరో నెల అని. అత్త పళ్ళెంలో పసుపు, కుంకుమ, ఒక బిళ్ళ పెట్టి తెచ్చి అక్క ముందు కూర్చుంది. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. కొరకమని గట్టిగా అనలేదు అత్త. ఇన్ని నెలలు మీ తమ్ముడు చెప్పినట్టే విన్నాం, మూకుడు బయటపడేశాం, చెట్టు కొట్టేశాం, ఈ ఒక్కటీ చెయ్యకపోతే ఆ తల్లికి మొహం ఎట్టా చూపించేది అంది. ఆమె గొంతులో దెప్పడం లేదు. భయం ఉంది. ఆమె కూడా నెలలు లెక్కపెడుతోందని నాకప్పుడు తెలిసింది.

అక్క నావైపు చూసింది.

ఒక్క బిళ్ళ కొరికితే ఏమీ కాదని నాకు తెలుసు. ఎముకల్లో ఉన్నదాని ముందు అదెంత. ఇప్పుడు అడ్డుపడితే అది శాస్త్రం కాదు, నా మూఢనమ్మకం. అత్తకి ఒకటుంటే నాకొకటి. అంతా తెలిసే పళ్ళెంలోంచి బిళ్ళ తీసి, తాడు చుట్టూ మడిచి, నేను కొరికాను. దానికి రుచి లేదు. చేదుగా అయినా ఉంటుందనుకున్నాను.

 అత్త నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నీకెన్నో నెల నాయనా?"

బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. అక్క మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత అది కూడా మానేసి నవ్వింది. పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. చాలు, కదిలిపోతాదే, నవ్వబాకు అని అత్త మందలించి, తనూ నవ్వింది. అంతమంది కలిసి ఆ ఇంట్లో నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అది. మర్నాడు వల తీస్తే నాలుగు రొయ్యలు, ఒక ప్లాస్టిక్ చెప్పు వచ్చాయి. వలకి మగబిడ్డ పుట్టాడని వీధిలో చెప్పుకున్నారు.

ఆరో నెల దాటింది. ఏడో నెల దాటింది. అక్క చెయ్యి అప్పుడప్పుడూ వణికేది. కడుపులో మెలిపెడుతోందనేది. ఎనిమిదో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. సూళ్లూరుపేట దాకా ఆటోలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో నెల్లూరు తెచ్చారు. నేను చేతికి తొడుగులతోనే ప్రయోగశాల నుంచి పరిగెత్తాను. ఆసుపత్రి దగ్గర నన్ను చూసి డాక్టరుననుకుని ఒకాయన తన తల్లి కాగితాలు చేతిలో పెట్టాడు.

ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి చూపించినప్పుడు బావ చేపని అంచనా వేసే కంటితో చూసి, "కేజీన్నర" అన్నాడు. తూకంలోనూ అంతే వచ్చింది. వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఏడుపు సన్నగా, నూలుపోగులా ఉంది. వేళ్ళు అదురుతున్నాయి. నెలలు నిండనివాళ్ళకి అదురుతాయని నర్సు చెప్పింది. బొడ్డుతాడు రక్తం చెన్నైకి వెళ్ళింది, కాగితం తిరిగొచ్చింది. పిల్లలోనూ ఉంది.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. ఇప్పుడేమీ తేల్చలేం. మెడ ఎప్పుడు నిలుపుతుందో చూడాలి, పిలిస్తే తిరుగుతుందో లేదో చూడాలి, మాటలు చూడాలి, నడక చూడాలి, బడిలో ఎలా ఉంటుందో చూడాలి. బాగానే ఉండొచ్చు కూడా. కొన్నేళ్ళు పడుతుంది. బావ తల ఊపుతూ విన్నాడు. వాతావరణ హెచ్చరిక వినేటప్పుడూ అలాగే వింటాడు.

అయిదోరోజు పాపని పెట్టెలోంచి తీసి అక్క చేతికిచ్చారు. పాలు పట్టమన్నారు. అక్క పట్టలేదు. రవిక తడిసిపోతున్నా పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్త బతిమాలింది, నర్సు కసిరింది. నేను లోపలికి వెళ్ళేసరికి మంచం చుట్టూ ఎవరూ లేరు.

"నా పాలల్లో గూడా ఉంటాదా అది?"

ఉంటుందన్నాను. కొంచెం. ఈ నాలుగైదు నెలల్లో నీ రక్తంలో కాస్త తగ్గింది, పాలల్లోకి వచ్చేది అంతకన్నా తక్కువ, ఇంత చిన్న బిడ్డకి తల్లిపాలు లేకపోతే జరిగే నష్టమే ఎక్కువ, డాక్టరమ్మ పిల్ల రక్తం చూస్తూ ఉంటామంది, ఇవ్వొచ్చని రాసి మరీ ఇచ్చింది అని అన్నీ వరసగా చెప్పాను. అక్క వింది. పాప పెదాలు ఉత్తినే కదులుతున్నాయి.

"ఆయమ్మ చెప్పేది ఇన్నాలేరా. నువ్వు చెప్పు. నువ్వు ఇమ్మంటే ఇస్తా."

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా నిజంగా అడగడం అదే మొదలు. నాకు తెలిసిందంతా చెప్పేశాను, ఇంకేమీ మిగల్లేదు. మిగిలింది ఒక్క మాట. తప్పో ఒప్పో ఆ పిల్ల బడికెళ్ళే వయసొచ్చేదాకా తేలదు. నోటికి ఏదో ఒక పరాచికం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"ఇవ్వు అక్కా" అన్నాను.

ఆమె అటు తిరిగి, పాపని ఎత్తి దగ్గరికి చేర్చుకుంది. అది రెండుసార్లు తప్పిపోయి, మూడోసారి అందుకుంది. అక్క కళ్ళు మూసుకుంది. నేను మూసుకోకుండా, ఆ పిల్ల గొంతు దగ్గర చర్మం ఒక్కో గుటకకీ కదలడం చూస్తూ నిలబడ్డాను.